బొమ్మల దినచర్య

గృహిణులమగు మనకు దినచర్య వ్రాయు నలవాటు తక్కువ. పాలలెక్క, చాకలిపద్దు, అంగడిచీటి, పెండ్లిండ్లలో వచ్చిన చదివింపుల పట్టిక, ఇవియే మనము వ్రాసెడి గ్రంథములు. ఇక బొమ్మలతో దినచర్య వ్రాయుట యన్నచో మనలో పెక్కండ్రకు వింతగా తోచును. మాకును రెండేండ్ల క్రిందటివఱకు అట్లే తోచెను. అట్టి పుస్తకమొకటి మా యింటనే యుండగా దాని విలువ యెఱుగక మేము చేసిన పొరపాటును మొదట చెప్పికొని, పిమ్మట ఆ విద్యను గూర్చి చదివి తెలిసికొన్న సంగతులు విన్నవించెదము.

మా కాపురము సోమలలో. చుట్టును కొండలు, మామిడితోటలు, టమాటా చేలు గల యూరు. మావారు బడిలో ఉపాధ్యాయులు. మా రెండవ కుమార్తెకు అప్పటికి పదునొకండవ యేడు. లెక్కల పుస్తకము చేతికిచ్చినచో మూడు లెక్కలు చేసి, నాలుగవ దాని తావున ఒక బొమ్మ వేసెడిది. పుంగనూరు బస్సుకొఱకు ఎదురుచూచువారు, తలమీది మామిడిగంపను దించుకొను ముసలమ్మ, చెప్పులు కుట్టువాని ముందు ఒంటికాలిమీద నిలిచిన పెద్దమనిషి, మా గడపలో కూర్చుండి చింతపండు గింజలు తీయు మా అత్తగారు, ఇట్లు కంటబడినదెల్ల వేసి, ప్రక్కన తేదీయు ఒకటి రెండు మాటలును వ్రాసెడిది. ‘ఈ దినము అవ్వకు మోకాలు నొప్పి’ అని యొకచోట. ‘బస్సు గంట ఆలస్యము, అందఱికిని కోపము’ అని యింకొకచోట. మా అత్తగారు తన బొమ్మను చూచి, “ఏమే, నా ముక్కు ఇంత పొడుగా?” అని నవ్విరే గాని కోపింపలేదు. కోపించినవారము మేమే.

చదువు చెడునని భయము. పంతులుగారి బిడ్డకే లెక్కలు రావను మాట వినవలసివచ్చునేమో యను అభిమానము. ఒకనాడు కోపము పట్టజాలక ఆ పుస్తకమును లాగికొని, నాలుగు పుటలు చించి వంటయింటి అలమారులో నూనెడబ్బాల క్రింద పఱచితిమి. తక్కిన దానిని పాతకాగితముల వానికి వేసితిమి. పిల్ల యేడ్వలేదు. ఆ పూట అన్నము మాత్రము తినలేదు. పిమ్మట బొమ్మలు వేయుటయే మానెను. దానికి బుద్ధి వచ్చినదని మేము సంతసించితిమి కూడ.

మఱుసటి సంవత్సరము మా అత్తగారు కాలధర్మము నొందిరి. పెద్దకర్మనాటికి పటము కట్టింపవలెనని ఆమె ఛాయాచిత్రములకై వెదకితిమి. ఇంటిలోని చేతిఫోనులలో వందలకొలది బొమ్మలున్నవి గాని, వానిలో ఆమె యున్నవి మూడే. ఆ మూడును పెండ్లిండ్లలో తీసినవి. పట్టుచీర కట్టి, బిగిసి కూర్చుండి, తీయువారు చూడుమన్న వైపు చూచుచున్నారు. మాకు తెలిసిన అత్తగారు ఆ మూటిలో నొక్కదానను లేరు. ఉన్నవానిలో నొకదానిని కట్టించి గోడకు తగిలించితిమి. చూచినపుడెల్ల ఎవరో చుట్టపుచూపుగా వచ్చినవారివలె నుండెడిది.

సంక్రాంతికి ఇల్లు దులుపుచు, అలమారులోని నూనెడబ్బా యెత్తగా దాని క్రింద ఒక కాగితము అంటుకొని యుండెను. గుండ్రని జిడ్డుమరక. ఆ మరక నడుమ మా అత్తగారు! ఒక మోకాలు మడిచి, ఒక మోకాలు నిలిపి, ముక్కుమీదికి జారిన కండ్లజోడుతో చింతపండు ఒలుచుచున్నారు. ఆమె కుడిచేతి బొటనవ్రేలు కొంచెము వంకర. ఆ వంకరను సైతము పిల్ల విడువలేదు. పదునాలుగేండ్లు ఆ చేతితో పెట్టిన అన్నము తింటిమి గాని, ఆ వ్రేలిని మేమంత శ్రద్ధగా నెన్నడును చూడలేదు. డబ్బాలు క్రిందనే విడిచి, అక్కడనే కూలబడితిమి.

నాటినుండి ఈ విద్యను గూర్చి దొరికినదెల్ల చదువ నారంభించితిమి. మా తండ్రిగారు మాకు ఇంటివద్దనే భాగవతమును, నాటకములను చెప్పిరి. వానిలో చిన్ననాడు చదివినదే ఇపుడు వేఱొక విధముగ తోచెను. ఉషాకన్య కలలో చూచిన పురుషుని పేరైన ఎఱుగక తపించుచుండగా, ఆమెను గట్టెక్కించినవారెవరు? మంత్రులా, జ్యోతిష్కులా? కారు. చెలికత్తె చిత్రరేఖ. లోకమునందలి రాకుమారుల రూపులన్నియు పటముమీద వరుసగా వ్రాసి చూపగా, అనిరుద్ధుని బొమ్మకడ ఉష చూపు నిలిచినది. ఉత్తరరామచరితము మొదటి యంకమున సీతాదేవి తన బ్రదుకునే చిత్రపటములలో చూచికొని, తన వివాహమును, వనవాసమును మఱల అనుభవించును. జరిగిపోయిన దినమును తిరిగి కన్నులయెదుట నిలుపుటకు బొమ్మకు గల శక్తిని మన పెద్దలు బాగుగ నెఱుగుదురనుటకు ఇంతకన్న సాక్ష్యము వలదు.

అయితే వీరు వ్రాసినవి రాజుల రూపులు, దేవతల కథలు. వీథిలోని సామాన్యులను, వారి దినమును ఉన్నదున్నట్లు పట్టియుంచుట వేఱొక విద్య. తెలుగున దానికి ఆదిగ్రంథమని చెప్పదగినది క్రీడాభిరామము. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన యీ వీథినాటకమును శ్రీనాథునిదని చెప్పువారును కలరు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము దీనికి మూలము. మంచనశర్మ, టిట్టిభసెట్టి అను ఇరువురు మిత్రులు ఒక్కదినమున ఓరుగల్లు వీథులు తిరిగి, చూచినదానిని చూచినట్లు చెప్పికొందురు. పూటకూటి యింటి భోజనము, కోడిపందెములు, పొట్టేళ్ల పోరు, పల్నాటి వీరుల కథాగానము, అన్నియు నందు గలవు. అందలి శృంగారము కొంత కులస్త్రీలు చదువదగనిదని మా తండ్రిగారు కొన్ని పుటలు దాటించిరి గాని, పూటకూటి యింటి పద్యమును మాత్రము రెండుమాఱులు చదివించిరి. కొన్ని శతాబ్దుల పిమ్మట సురవరము ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రను వ్రాసి 1949లో ప్రకటించినపుడు, నాటి జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి యను విషయములకు ఆధారముగ గొన్న గ్రంథములలో క్రీడాభిరామ మొకటి. రాజుల శాసనములు రాజ్యములను చెప్పును. జనుల పూటబత్తెమును చెప్పుటకు వీథిలో తిరిగి చూచినవాడు కావలెను.

మాటలతో ఓరుగంటివాసులు చేసిన పనిని గీతలతో చేసినవారు గోదావరితీరమున కలరు. రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డు కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రధానాధ్యాపకుడుగ నుండెను. ఆయన తీరిక దొరికినపుడెల్ల రంగులపెట్టె చేతబట్టి నదీతీరమును, ఊరిని చిత్రించెడివాడు. ఆ దినముల జ్ఞాపకములను తన బొమ్మలతో కూర్చి ‘సౌత్ ఇండియన్ అవర్స్’ అను గ్రంథముగ 1924లో లండనులో ప్రకటించెను. మన యూళ్లను పరదేశీయుడు అంత ఇష్టముతో చూచెనని తెలిసినపుడు సంతోషమును, మనము చూడమైతిమే యని కొంచెము సిగ్గును కలిగెను.

ఆయన ప్రోత్సాహమున పైకి వచ్చినవాడు దామెర్ల రామారావుగారు. 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీని రాజమహేంద్రవరమున జన్మించి, బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చదివి, స్వస్థలమునకు వచ్చి అచట చిత్రకళాశాలను నెలకొల్పిరి. ఆయన పెద్దచిత్రములు పేరు గాంచినవి. కాని రాజమహేంద్రవరమున ఆయన పేర వెలసిన చిత్రశాలలో పెద్దచిత్రములతోపాటు పెన్సిలు గీతల బొమ్మలును భద్రపఱుపబడియున్నవి. పెద్దచిత్రము పండుగనాటి పిండివంట. ఈ చిన్నగీతలు దినదినమును పొయ్యిమీద నుడుకు అన్నము. చేయి తిరుగుట యిచటనే. 1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీని మశూచి ఆయనను తీసికొనిపోయినది. ఇరువదియెనిమిదవ యేడు నిండలేదు. ఆయన భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులే. ఒక యింట అన్నయు, చెల్లెలును, కోడలును కుంచె పట్టిన కాలమొకటి మన దేశమున నుండినదని సోదరీమణులు గమనింపవలెను. మిత్రులు వరద వెంకటరత్నముగారు మొదలగువారు ఆయన కళాశాల దీపమారకుండ కాపాడిరి. దాచినవారుండుటచేతనే ఆ గీతలు మనదాక వచ్చినవి. ఆ యింటివారు మావలె నూనెడబ్బాల క్రింద పఱచియుండినచో ఏమగునో!

బొమ్మల దినచర్యకు అచ్చమైన ఉదాహరణము మాత్రము కొంకణదేశమున దొరకినది. మారియో మిరాండా అను వ్యంగ్యచిత్రకారుని పేరు మీలో కొందఱు వినియుందురు. గోవా వాసియగు ఈయన 1926లో పుట్టి 2011లో గతించెను. చిన్ననాట ఇంటిగోడలమీద బొమ్మలు గీయుచుండగా తల్లి చూచెను. చూచి ఆమె చేసినదేమి? కొట్టలేదు. గోడకు సున్నము వేయించి ఊరకుండనులేదు. ఒక ఖాళీపుస్తకము తెచ్చి కుమారుని చేతికిచ్చెను. బాలుడు దానికి దినచర్య యని పేరుపెట్టి, నాటినుండి చూచినదెల్ల అందు గీయుచు వచ్చెను. పొరుగువారు, పెండ్లిండ్లు, సంగీతపు మేళములు, బొంబాయిలో చదువునపుడు అచటి వీథులు, రైళ్లు, తోటివిద్యార్థులు, అన్నియు అందులోనికెక్కినవి. 1949, 1950, 1951వ సంవత్సరముల దినచర్యలు పిమ్మట గ్రంథములుగ అచ్చయినవి. ఆ దినచర్యల చేయియే పెద్దయైన పిమ్మట బొంబాయి పత్రికలలో ఆ నగరపు జనసమ్మర్దమును, అందలి ఒక్కొక్క ముఖమును నవ్వు పుట్టునట్లు చూపినది. ఆ తల్లి పాడయిన గోడను చూచి పుస్తకము నిచ్చెను. మేము పుస్తకమును చూచి చించితిమి. ఈ సంగతి చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఈ యలవాటు ఇపుడు దేశదేశములకు వ్యాపించినది. స్పెయిను దేశమున పుట్టిన గాబ్రియేల్ కంపనారియో యను పత్రికాచిత్రకారుడు అమెరికాలోని సియాటిల్ నగరమునకు క్రొత్తగ వచ్చెను. తెలియని యూరిని తెలిసికొనుటకై చిన్నపుస్తకము చేతబట్టి వీథులను, వంతెనలను, బస్సులో ఎదుట కూర్చున్నవారిని గీయుచు వచ్చెను. తనవంటివారిని ఒక్కచోట చేర్పదలచి 2007లో అర్బన్ స్కెచర్స్ అను కూటమికి అంకురార్పణము చేసెను. 2010లో పోర్ట్‌లండు నగరమున వారి మొదటి మహాసభ జరిగెను. ఇపుడు అనేకదేశముల నగరములలో వారి శాఖలు కలవు. వారి నియమములు కొద్ది. ఎదుట కూర్చుండి, కంటితో చూచి గీయవలెను. చూచినదానికి ద్రోహము చేయరాదు. ఏ తావున, ఏ దినమున గీసినది తెలియవలెను. ఒకరికొకరు తోడుగ గుంపుగ కూర్చుండి గీయవలెను. తెలియని యూరిని తెలిసికొనుటకు గీసెనను మాట మా మనసున నాటినది. మనమందఱమును అత్తవారి యూరికి క్రొత్తగ వచ్చినవారమే గదా! ఏ సందు ఏ బావికి పోవునో, ఏ గడపలోని ముసలమ్మ ఏమనునో తెలిసికొనుటకు మనకు ఏండ్లు పట్టినవి. చేత పుస్తకముండినచో ఆ యేండ్లు కొంత తేలికగ గడచియుండును.

చేతిఫోనుతో ఒక్క తృటిలో బొమ్మ తీయవచ్చునే, గీయుట యేల యని మావారడిగిరి. మేము మా కుమార్తెనే అడిగితిమి. అది చెప్పినది: “ఫోనులో తీసిన తరువాత చూస్తామమ్మా. గీసేటప్పుడు ముందే చూడాలి.” ఇంతకన్న చక్కని సమాధానము మేము పుస్తకములలో చదువలేదు. యంత్రము ఎదుటనున్న దానినెల్ల ఒక్కరీతిగ పట్టును. గీయుచేయి దేనిని ఉంచవలెను, దేనిని విడువవలెనని క్షణక్షణమును విచారించును. పది నిమిషములు ఒకరి చేతులను చూచినవారు ఆ చేతులను మఱవరు. ఆ పది నిమిషములే ఈ విద్యకు ఫలము. బొమ్మ దాని గుర్తు మాత్రమే.

ఇట్టి విద్యకు మహానగరములే కావలెనని తలపరాదు. మా సోమలనుండి బస్సెక్కినచో దొరకు దృశ్యములెన్ని! పుంగనూరు పొట్టి ఆవు ప్రపంచమునందలి మిక్కిలి చిన్న గోజాతులలో నొకటి. అది మనిషి నడుమునకైన రాక నిలిచియుండుటను చూచి గీసినవారికి కొలతలు వాటంతట అవియే తెలియును. మదనపల్లె టమాటాల విపణి దేశమునందలి పెద్దవానిలో నొకటి. తెల్లవాఱకమునుపే పెట్టెలు దింపు హమాలీలు, వేలము పాడువారు, ధర వినగనే రైతు ముఖమున కలుగు మార్పు, ఇవి ఏ ధరలపట్టికలోను ఉండవు. నీరుగట్టువారిపల్లె మగ్గములకడ పట్టుచీర నేయు స్త్రీపురుషుల చేతులు కలవు. కుప్పమున తెలుగు, తమిళము, కన్నడము ఒక్క అంగడిలో వినబడును. అచటి నామఫలకముల అక్షరములను గీసినను ఒక పుట నిండును. కొంచెము దూరముపోయి లేపాక్షి మండపపు కప్పును తలయెత్తి చూచినచో, విజయనగరపు కాలమున 16వ శతాబ్దిలో స్త్రీలు కట్టిన చీరల అంచులు, కొప్పుల తీరులు నేటికిని రంగులతో నిలిచియున్నవి. దేవుని కథ వ్రాయుటకు కూర్చున్న ఆ చిత్రకారులు తమయెదుట నడచు స్త్రీల చీరలను చూచియే వ్రాసిరి.

వ్రాసి ఉంచుటవలన ఏమి నిలుచునో తెలియుటకు మదనపల్లెలోనే మఱొక నిదర్శనము కలదు. 1919వ సంవత్సరము ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగారు అచటి దివ్యజ్ఞాన కళాశాలకు విచ్చేసి జనగణమన గీతమును పాడిరి. దానిని ఆంగ్లమునకు మార్చి స్వహస్తముతో వ్రాసియిచ్చిరి. ప్రధానాధ్యాపకుడగు కజిన్సుగారి భార్య మార్గరెట్టుగారు సంగీతవిదుషి. ఆమె ఆ పాట స్వరములను కాగితముపై నెక్కించెను. ఎందఱో విని ఆనందించియుందురు. కాగితము తీసికొని కూర్చున్నది ఒక ఉపాధ్యాయుని భార్య. ఈ మాట వ్రాయునపుడు మాకు కొంచెము గర్వము కలిగినదని దాచనేల?

ఇక పద్ధతిని చెప్పెదము. మాకు తెలిసినది కొంచెమే. పుస్తకములలో చదివినదియు, మా కుమార్తె ప్రక్కన కూర్చుండి చేసి చూచినదియు మాత్రమే వ్రాయుచున్నాము.

పుస్తకము అఱచేతికన్న కొంచెము పెద్దదై, సంచిలో పట్టవలెను. గీతలు లేని తెల్లకాగితము మేలు. పెన్సిలుతో, కలముతో మాత్రమే గీయువారికి మామూలు కాగితము చాలును. నీటిరంగులు వేయగోరినచో దళసరి కాగితము కావలెను. లేకున్న తడికి ముడుతలు పడి రంగు వెనుకపుటకు దిగును. కలముతో గీసినపిదప రంగు వేయువారు తడికి కరగని సిరాను వాడవలెను. మా పిల్ల మొదట మామూలు సిరాతో గీసి, పైన రంగు పూయగా మా పెరటి అరటిచెట్టు వానకు కరగిన మసివలె ఆయెను. రబ్బరును ఇంటివద్దనే విడిచిపోవుట మంచిది. తప్పుగీత ప్రక్కన ఒప్పుగీత గీసిన చాలును. చెఱిపిన కొలది భయము పెరుగును, కాలము పోవును.

గీయుటకు ముందు ఒక నిమిషము ఊరక చూడవలెను. ఇందులో నన్ను ఆపినదేమి యని ప్రశ్నించుకొనవలెను. అది ముసలివాని తలపాగాయైనచో అదియే ముందు గీయవలెను. తక్కిన బజారునకు నాలుగు గీతలు చాలును. పిమ్మట పెద్దరూపములు, ఆపైన చిన్నవి. ముగ్గు వేయునపుడు మనము ముందు చుక్కలు పెట్టి, పిమ్మట గీత కలుపుదుము గదా, అట్లే తల యెచట, పాదములెచట, గోడ యెచటికి పోవునని చుక్కలతో గుర్తుంచుకొన్నచో గీత దారి తప్పదు. వీథి గీయునపుడు మన కంటియెత్తున ఒక అడ్డగీత నూహించుకొనవలెను. దూరమునకు పోవు వీథిగోడల పైయంచులు ఆ గీతవైపునకు దిగును, క్రిందియంచులు ఎక్కును. ఈ ఒక్కటి తెలిసినచో ఇండ్లు పడిపోవునట్లు కనబడవు. కదలువారిని గీయుట కష్టము. కాని పనిచేయువారు చేసిన కదలికనే మఱల మఱల చేయుదురు. రోలు రుబ్బు చేయి తిరిగి అదే తావునకు వచ్చును. అది వచ్చుదాక కనిపెట్టుకొని యుండవలెను.

చివర తేదీయు, తావును, రెండు పంక్తుల మాటలును వ్రాయవలెను. ఇది మిక్కిలి ముఖ్యము. ఏ దినము, ఎంత యెండ, ఎవరు ఏమనిరి, టమాటా ధర ఎంత, అన్నియు వ్రాయవచ్చును. బొమ్మ చక్కగ రాకున్నను ఆ మాటలు నిలుచును. మాటలు మఱుగుపడినను బొమ్మ నిలుచును.

ఆడుపిల్లలు వీథిలో కూర్చుండి బొమ్మలు గీయుట తగునా యని అడుగువారు కలరు. మాకును ఆ సందేహము కలిగెను. ఒంటరిగ పంపుమని మేము చెప్పము. తల్లియో, స్నేహితురాలో తోడుండవలెను. గుడిమండపము, తెలిసినవారి అంగడి అరుగు, బస్సు కిటికీ, మేడమెట్లు, ఇవి కూర్చుండి చూచుటకు అనుకూలములు. ఎవరి ముఖమునైన దగ్గఱనుండి గీయునపుడు వారి యనుమతి నడుగవలెను. వలదన్నచో పుస్తకము మూయవలెను. దుఃఖములో నున్నవారిని, లేమిలో నున్నవారిని వింతగ గీసి నవ్వింపరాదు. గీసినపిదప వారికి చూపవలెను. అట్లు చూపగా, మా యూరి పూలమ్మ తన బొమ్మను చూచి, గంపలోని మూరలను లెక్కపెట్టి, ఒకటి తక్కువైనదని దిద్దించెను. అట్టి గురువులు ఏ కళాశాలలో దొరకుదురు?

పనులకే తీఱిక లేదనెడివారికి ఒక్కమాట. పాలు పొంగువఱకు పొయ్యికడ నిలుచుదుము. ఆసుపత్రిలో మనవంతు వచ్చువఱకు కూర్చుందుము. ఆ సమయమే ఇందుకు చాలును. వంటయింటి కత్తిపీట, పచ్చడిజాడీ, ఉట్టి, రాగిచెంబు సైతము గీయదగినవే. రేపు ఈ వస్తువులలో ఎన్ని మన యిండ్లలో నుండునో చెప్పజాలము. మా యింటి రాగిసంగటి కెలుకు కఱ్ఱ మా అత్తగారితోనే మూలపడినది. దానిని ఎట్లు పట్టుకొనవలెనో మా పిల్లలకు చూపుటకు ఆమె లేరు.

సంక్రాంతినాడు ఆ జిడ్డుకాగితమును మా కుమార్తెకు చూపి, మేము చేసినది తప్పని దానితో చెప్పితిమి. బిడ్డతో తప్పొప్పుకొనుట మాకు అదే మొదలు. అది కాగితమును చేతనైన తీసికొనక కొంతసేపు చూచెను. “అవ్వను మఱల పెద్దదిగ గీసియిమ్ము, పటము కట్టించెదము” అనగా అది తల యడ్డముగ నూపి, “ఇప్పుడు అవ్వ ఎదురుగా లేదు గదమ్మా. చూడకుండా వేస్తే అది అవ్వ కాదు” అనెను. మేము మఱి మాటాడలేకపోతిమి. ఆ జిడ్డుకాగితమునే అద్దము వేయించి, పెండ్లినాటి ఛాయాచిత్రము ప్రక్కన తగిలించితిమి. ఇంటికి వచ్చినవారు మొదట జిడ్డుకాగితము కడకే పోయి, “అయ్యో, పెద్దమ్మ!” అందురు.

మఱునాడు పుంగనూరునుండి ఒక తెల్లకాగితముల పుస్తకము తెప్పించి దానికిచ్చితిమి. “ఇందులో లెక్కలు చేయాలా?” అని అనుమానముగ అడిగినది. వలదంటిమి. మూడుదినములు అది పుస్తకమును తెఱవలేదు. నాలుగవనాడు మేము పెరటిలో బట్టలారవేయుచుండగా వెనుక పెన్సిలు చప్పుడు వినబడినది. తిరిగి చూడక, చేతిలోని చీరను కొంచెము మెల్లగ దులిపితిమి.

సోదరీమణులారా, మీ యింట గోడమీదనో, లెక్కల పుస్తకములోనో గీయు బిడ్డయున్నచో మావలె తొందరపడకుడు. లెక్కలకు ఒక పుస్తకము, బొమ్మలకు ఒక పుస్తకము విడిగ నిండు. పండుగకు అలమారులు దులుపునపుడు డబ్బాల క్రింది కాగితములను తిరుగవేసి చూచి, ఆ పిమ్మటనే పాఱవేయుడు. వీలుపడినచో మీరును ఒక పుట గీసి, తేదీ వేసి దాచుడు. ఇంటిలో వృద్ధులున్నవారు మాత్రము రేపటికని ఊరకుండక నేడే వారియెదుట కూర్చుండవలెనని మా విన్నపము.